నీరు ఎటు పోవాలి? చెన్నై ముంపును విడదీసి చూస్తే

2015 డిసెంబరు 1 రాత్రి, చెన్నై వేలచ్చేరిలో మేము అద్దెకున్న ఇంటి ముందు నీళ్లు పై మెట్టు దాటి గుమ్మానికి తగిలాయి. గోనెసంచుల్లో ఇసుక నింపి గుమ్మానికి అడ్డంగా పేర్చుకున్నాం, సందుల్లో పాత దుప్పట్లు కుక్కుకున్నాం. కట్ట అవతల జానెడు నీళ్లున్నా ఇవతల నేల పొడిగానే ఉండేసరికి, ఇక ఫరవాలేదనుకుని నేను కొవ్వొత్తి వెలుగులో పుస్తకాలు అటక మీదికి ఎక్కిస్తున్నాను. "ఏమండీ, ఒకసారి ఇటు రండి" అని మా ఆవిడ వెనక నుంచి పిలిచింది. బాత్రూంలో నీళ్లు పోవడానికి బిగించిన జాలీలో నుంచి నల్లటి నీళ్లు బుడబుడమంటూ పైకి వస్తున్నాయి. గుమ్మం దగ్గరి కట్ట తెల్లవారేదాకా చెక్కుచెదరలేదు. ఇల్లు మాత్రం వెనక నుంచి నిండింది.

ఇప్పుడు నెల్లూరులో స్థిరపడ్డాం. ఏటా కార్తీక మార్గశిర మాసాల్లో టీవీలో చెన్నై వీధులు కనబడగానే బంధువులు అడిగే ప్రశ్న ఒక్కటే: "చెంబరంబాక్కం గేట్లు ఎత్తారంట గదా?" చెంబరంబాక్కం చెన్నైకి తాగునీరిచ్చే జలాశయం. మహానగరం మునగడానికి ఒకే గేటు, దాన్ని ఎత్తిన ఒకే చెయ్యి కారణమన్నట్టుగా ఉంటుంది ఆ ప్రశ్న. మా ఇంట్లోకి వచ్చిన నీటికి ఆ గేట్లతో దాదాపు సంబంధం లేదని నాకు తెలియడానికి చాలాకాలం పట్టింది. ఆ రాత్రి చెన్నైని ముంచిన నీళ్లు అనేకం. ఒక్కొక్కటీ ఒక్కో చోటు నుంచి బయలుదేరి, ఒక్కో దారి దొరక్క ఆగిపోయింది. వాటిని విడదీసి చూడటమే ఈ వ్యాసం పని.

ఉప్పెన, వరద, ముంపు: వేరువేరు నీళ్లు

సముద్రం పక్కన బతికే మనకు ఈ విషయంలో భాష చేసిన మేలు ఒకటుంది. తుపాను గాలి సముద్రాన్ని నేల మీదికి నెడితే అది ఉప్పెన. 1977 నవంబరులో దివిసీమను తుడిచిపెట్టింది అదే. ఎక్కడో ఎగువన కురిసిన వాన ఏటిలోనో వాగులోనో దిగి వచ్చి గట్టు దాటితే అది వరద. మన నెత్తిన కురిసిన వానే బయటికి పోయే దారి లేక మన వీధిలో నిలిస్తే అది ముంపు. టీవీ వార్తల్లో మూడింటినీ కలిపి వరద అనేయడంతో కారణాలు కూడా కలగాపులగం అయిపోయాయి.

2015లో చెన్నైకి ఉప్పెన రాలేదు. వరదా ముంపూ మాత్రం ఒకే రాత్రి వచ్చాయి. తాంబరం పక్కనున్న ముడిచూర్‌ను ముంచింది అడయారు నది ఎగువ చెరువుల కలుజుల (చెరువు నిండాక మిగులు నీరు పొర్లిపోయే చోట్ల) నుంచి పొంగిన వరద. సైదాపేట, కొట్టూర్‌పురాలను ముంచింది అదే నది దిగువన, చెంబరంబాక్కం నీరు కూడా కలిసిన తరువాతి వరద. చెంబరంబాక్కం మిగులు నీరు అడయారులో కలిసేది తిరునీర్‌మలై దగ్గర, ముడిచూర్ అంతకంటే ఎగువన ఉంది. కాబట్టి ముడిచూర్ వాసులు ఆ గేట్లను తిట్టుకోవడంలో పెద్ద అర్థం లేదు. ఇక మా వేలచ్చేరి అడయారు గట్టున లేదు, పళ్లికరణై చిత్తడి నేల పరివాహకంలో ఉంది. మాది ప్రధానంగా ముంపు. మూడు చోట్ల, మూడు దారుల్లో వచ్చిన నీళ్లు, మరునాటి పత్రికలో ఒకటే శీర్షిక. ఆ మరునాడు చెన్నైలో పత్రికలు సరిగా అచ్చుకాలేదన్నది వేరే సంగతి. సిబ్బంది ముద్రణాలయానికి చేరలేక 'ది హిందూ' సంచిక ఆ రోజు వెలువడలేదు.

తుపాను పేరు గాలిని చెబుతుంది, వానను కాదు

రెండో చిక్కు తుపాను వర్గీకరణలో ఉంది. భారత వాతావరణ శాఖ గాలివేగాన్ని బట్టి మెట్లు కట్టింది. గంటకు 31 నుంచి 49 కిలోమీటర్ల గాలి ఉంటే వాయుగుండం, 50 నుంచి 61 అయితే తీవ్ర వాయుగుండం, 62 దాటితే తుపాను, 89 దాటితే తీవ్ర తుపాను, 118 దాటితే అతి తీవ్ర తుపాను. పేరు పెట్టేది తుపాను మెట్టు ఎక్కిన తరువాతే. ఈ కొలతలో వానకు చోటు లేదు.

అందువల్ల చెన్నైని 2015 డిసెంబరులో ముంచిన వానకు పేరే లేదు. అది తుపాను కాదు, వాయుగుండం కూడా కాదు, తీరం పక్కన కదలకుండా నిలిచిన అల్పపీడనం. మరుసటి ఏడాది 2016 డిసెంబరు 12న వర్దా తుపాను నేరుగా చెన్నై దగ్గరే తీరం దాటింది. ఊరంతా చెట్లు కూలాయి, కరెంటు పోయింది, రోజుల తరబడి ఫోన్లు పలకలేదు, కానీ మా మెట్ల దాకా నీళ్లు రాలేదు. 2023 డిసెంబరులో మిచాంగ్ తీవ్ర తుపాను తీరం దాటింది ఎక్కడో కాదు, మన బాపట్ల దగ్గర, 5వ తేదీన. మునిగింది మాత్రం చెన్నై. 3, 4 తేదీల్లో ఆ తుపాను చెన్నై తీరానికి దగ్గరగా నెమ్మదిగా జరుగుతూ కురిపిస్తూ పోయింది. ముంపు విషయంలో తుపాను ఎంత గట్టిదన్నదాని కంటే ఎంతసేపు నిలిచిందన్నది ముఖ్యం.

ఒక సెంటీమీటరు వాన అంటే ఎన్ని నీళ్లు

"ముప్పై సెంటీమీటర్ల వాన" అని చదివినప్పుడు కళ్ల ముందు మెదిలేది స్కూలు స్కేలు. ఆ నీటి బరువు అందులో కనబడదు. కొద్దిగా లెక్క వేద్దాం.

చదరపు కిలోమీటరు నేల మీద ఒక సెంటీమీటరు వాన పడితే కోటి లీటర్లు. చెన్నై కార్పొరేషన్ విస్తీర్ణం 426 చదరపు కిలోమీటర్లు. దాని మీద సగటున 30 సెంటీమీటర్లు కురిసిందనుకుంటే, 426ను 30తో గుణిస్తే 12,780 కోట్ల లీటర్లు. ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు, సుమారు 2,830 కోట్ల లీటర్లు. అంటే ఒక్క రోజులో నగరం నెత్తిన పడినది నాలుగున్నర టీఎంసీలు. చెంబరంబాక్కం జలాశయం నిండా ఉన్నప్పుడు పట్టే నీరు 3.645 టీఎంసీలు. గేట్ల సంగతి అటుంచితే, ఆకాశం నుంచే ఒక చెంబరంబాక్కం, దాని మీద మరో పావు వంతు నగరం మీద పడినట్టు లెక్క.

ఇది ఊహకు తీసుకున్న అంకె అయినా అసాధ్యమైనది కాదు. డిసెంబరు 2 ఉదయానికి ముగిసిన 24 గంటల్లో తాంబరంలో 49, చెంబరంబాక్కంలో 47, మీనంబాక్కం విమానాశ్రయంలో దాదాపు 35, నుంగంబాక్కంలో 29 సెంటీమీటర్లు నమోదయింది. అంతకుముందు ఒక్క నవంబరులోనే నుంగంబాక్కంలో వంద సెంటీమీటర్లు దాటి కురిసి ఉంది. నేల అప్పటికే తాగగలిగినంత తాగేసింది.

ఇప్పుడు క్యూసెక్కు సంగతి చూద్దాం. సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు పారితే ఒక క్యూసెక్కు, సుమారు 28.3 లీటర్లు. 11,574 క్యూసెక్కుల నీరు ఒక రోజంతా పారితే ఒక టీఎంసీ అవుతుంది. ఈ ఒక్క అంకె గుర్తుంటే వార్తల్లోని సగం లెక్కలు ఇంట్లోనే సరిచూసుకోవచ్చు. నాలుగున్నర టీఎంసీలను ఒక రోజులో సముద్రానికి పంపాలంటే, నగరంలోని నదులూ కాలవలూ అన్నీ కలిసి రేయింబవళ్లు 52,000 క్యూసెక్కులు మోయాలి. ఎగువ నుంచి వచ్చే నీటిని అందులో ఇంకా కలపలేదు.

ఇంటి కొలతలోకి దిగితే, వెయ్యి చదరపు అడుగుల మిద్దె మీద 30 సెంటీమీటర్ల వాన అంటే 28,000 లీటర్లు. ఎండాకాలంలో మా వీధికి వచ్చే పెద్ద ట్యాంకరులో పట్టేది 12,000 లీటర్లు. మే నెలలో రెండు వరసలు తిరిగి తోసుకుని బిందెలు నింపుకున్న నీళ్లే డిసెంబరులో మిద్దె గొట్టంలో నుంచి వీధిలోకి దూకుతాయి.

సముద్రం పక్కనే ఉన్నా సముద్రం దూరమే

చెన్నై పళ్లెంలాంటి ఊరు. సగటున సముద్రమట్టానికి ఆరేడు మీటర్ల ఎత్తులో ఉంటుంది. ఉత్తరాన కుశస్థలి, మధ్యలో కూవం, దక్షిణాన అడయారు పడమటి నుంచి తూర్పుకు పారతాయి. వాటిని అడ్డంగా కలుపుతూ ఉత్తర దక్షిణాలుగా బకింగ్‌హాం కాలవ సాగుతుంది.

కొత్తవాళ్లకు అర్థం కానిది ఇక్కడే. వేలచ్చేరికి తూర్పున ఐదు కిలోమీటర్ల దూరంలో సముద్రం ఉంది. మా నీళ్లు మాత్రం అటు పోవు. మధ్యలో తీరం వెంబడి ఇసుక మెరక ఉంది. అందుకని నీరు దక్షిణానికి తిరిగి, పళ్లికరణై చిత్తడిలో చేరి, ఒక్కియం మడువు అనే సన్నటి మార్గం గుండా బకింగ్‌హాం కాలవలో పడి, కోవళం దగ్గరి ముఖద్వారంలో సముద్రాన్ని కలవాలి. ఐదు కిలోమీటర్ల పనికి ఇరవై కిలోమీటర్ల దాకా చుట్టు. అంత దూరానికి నేల వాలు కొద్ది మీటర్లే. నీరు నడిచే నేల కాదది, నిలబడే నేల.

కాలవ చివర సముద్రం తలుపు తీసి ఉండాలి. చెన్నై తీరంలో పోటుపాట్ల తేడా మీటరు అటూ ఇటూగా ఉంటుంది. ఇది పెద్ద అంకెలా కనబడదు. అయితే వాలు మొత్తం రెండు మూడు మీటర్లే ఉన్నచోట మీటరు పోటు అంటే వాలులో మూడోవంతు పోయినట్టే. తుపాను సమయంలో సముద్రం దానంతటదే కొంత పైకి లేస్తుంది, అలలు ముఖద్వారంలో ఇసుక మేటలు వేస్తాయి. మిచాంగ్ సమయంలో నీరు ఎందుకు దిగలేదంటే, సముద్రం తీసుకోలేదని అధికారులు చెప్పింది ఈ అర్థంలోనే. అది సాకుగా వినిపించినా భౌతికంగా నిజమే. నా మనసులో మిగిలే ప్రశ్న ఒకటుంది: సముద్రం తలుపు మూసిన ఆ కొన్ని గంటలు నీరు ఆగడానికి ఊళ్లో చోటు ఎక్కడ ఉంది?

మా బాత్రూం జాలీ రహస్యం కూడా ఇదే. ఇంటి నీళ్లు పోయే గొట్టం వీధి గొట్టంలో, అది పెద్ద కాలవలో కలుస్తాయి. కాలవలో నీటిమట్టం ఇంటి నేలను మించినప్పుడు గొట్టానికి ముందూ వెనకా తేడా ఉండదు. గుమ్మానికి ఇసుక మూటలు కట్టిన మేము, ఆ గొట్టం కూడా ఒక గుమ్మమేనని మరిచిపోయాం.

బకింగ్‌హాం కాలవ గురించి నెల్లూరువాళ్లకు ఒక మాట చెప్పాలి. పెదగంజాం నుంచి కృష్ణపట్నం, శ్రీహరికోట మీదుగా చెన్నై దాటి పోయే కాలవ అది. ఒకప్పుడు మన తీరపు ఉప్పు, వంటచెరకు పడవల్లో మద్రాసు చేరింది దాని మీదే. అడయారు, కూవం నదులను కలిపే ముక్కను 1876–78 నాటి కరువులో కూలిపనిగా తవ్వించి, అప్పటి గవర్నరు పేరు పెట్టారు. చెన్నై లోపల ఇప్పుడు దాని గర్భంలోనే ఎత్తు రైలుమార్గపు స్తంభాలు నిలబడి ఉన్నాయి. నేను ఆఫీసుకు వెళ్లింది ఆ రైల్లోనే కనుక ఈ విషయంలో నాకు పెద్దగా మాట్లాడే హక్కు లేదు.

పోరంబోకు అనే మాట

1953 అక్టోబరు 1 దాకా మన జిల్లా, చెన్నై ఒకే రాష్ట్రం. రెవెన్యూ భాష నేటికీ ఒకటే. శిస్తు లేని, ఎవరి పట్టాలోనూ లేని ఉమ్మడి నేల పోరంబోకు: చెరువు పోరంబోకు, వాగు పోరంబోకు, మేత పోరంబోకు. శిస్తు రాదు కనుక రికార్డులో దానికి విలువ లేదు. నీటికి మాత్రం అదే ఇల్లు. ఏడాదిలో పది నెలలు ఖాళీగా కనబడి, రెండు నెలలు నిండేది. ఖాళీగా ఉన్న పది నెలల్లోనే అమ్మకాలు జరుగుతాయి.

ఇది కేవలం పేదల గుడిసెల ఆక్రమణ అనుకుంటే పొరపాటు. టి.నగర్ 1920లలో లాంగ్ ట్యాంక్ అనే పొడవాటి చెరువును పూడ్చి ప్రభుత్వమే వేసిన పేట. పడమటి మాంబలంలో లేక్ వ్యూ రోడ్డు ఇప్పటికీ ఉంది, చూడటానికి లేక్ లేదు. వళ్లువర్ కోట్టం నుంగంబాక్కం చెరువు చోటులో వెలిసింది. పళ్లికరణై చిత్తడి ఒకప్పుడు ఐదు వేల హెక్టార్లకు పైబడి ఉండేదని అంచనా. నేడు మిగిలింది అందులో కొద్ది భాగమే. ఆ నేలలో నగరపు చెత్త దిబ్బ, కార్యాలయ భవనాలు, రోడ్లు, రైలు, మాలాంటి వాళ్ల అద్దె ఇళ్లు వెలిశాయి. మిగిలిన చిత్తడికి 2022లో, అంతర్జాతీయ ప్రాముఖ్యమున్న చిత్తడి నేలలకిచ్చే రామ్‌సర్ గుర్తింపు దక్కింది.

చెంబరంబాక్కం వాదన: ఇరుపక్షాలా ఉన్న బలం

2015లో ఆ జలాశయం నుంచి గరిష్ఠంగా 29,000 క్యూసెక్కులు వదిలారు. పెన్న ఒడ్డున పెరిగినవాడికి ఇది చిన్న అంకె. 2021 నవంబరులో సోమశిల నుంచి ఐదు లక్షలకు పైగా క్యూసెక్కులు దిగినప్పుడు నెల్లూరు చూసింది దీనికి పదిహేడు రెట్లు. అయినా పెన్నకు అంత వెడల్పు ఉంది. ఇరుకైన అడయారుకు 29,000 క్యూసెక్కులే ప్రళయం. క్యూసెక్కుల అంకె ఒక్కటే చూసి భయపడటం, ధైర్యపడటం రెండూ తప్పే. నది ఎంత మోయగలదన్నది దాని పక్కన రాసుకోవాలి.

వరదను మానవ తప్పిదంగా చూసేవారి వాదనకు గట్టి ఆధారం 2018లో శాసనసభ ముందుకు వచ్చిన కాగ్ నివేదిక. అది 2015 వరదను మనుషులు కల్పించిన విపత్తుగానే పేర్కొంది, జలాశయ నిర్వహణను తప్పుపట్టింది. భారీ వాన హెచ్చరిక ముందే ఉన్నప్పుడు నవంబరు ఆఖర్లోనే కొంచెం కొంచెంగా నీరు వదిలి చోటు చేసుకోవాల్సిందని వీరి మాట. ప్రభుత్వ పక్షం నిబంధనల ప్రకారమే వదిలామని, కురిసింది అసాధారణ వాన అని, గేట్లు ఎత్తకుంటే కట్టకే ప్రమాదమని చెబుతూ వచ్చింది.

ఒక ఉదాహరణతో తూచి చూద్దాం. జలాశయంలో ముందుగానే ఒక టీఎంసీ ఖాళీ ఉంచారనుకుందాం. లోపలికి 20,000 క్యూసెక్కులు వస్తుంటే ఆ ఖాళీ నిండటానికి పట్టేది సుమారు 14 గంటలు. ఈ 14 గంటలు తక్కువేమీ కాదు. సైదాపేటలో అర్ధరాత్రి రావలసిన నీరు పట్టపగలు వస్తుంది, లేదా ఎగువ చెరువుల వరద దిగిపోయిన తరువాత వస్తుంది. ప్రాణాలు దక్కేది ఈ తేడాలోనే. మరోవైపు, చెన్నై తాగునీటి అవసరం నెలకు సుమారు ఒక టీఎంసీ అని లెక్క. వాన అంచనా తప్పితే, ఖాళీ చేసిన అధికారి వేసవిలో ఒక నెల తాగునీరు పారబోసినవాడు అవుతాడు. 2019 జూలైలో ఈ నగరమే జోలార్‌పేట నుంచి రైల్లో నీళ్లు తెప్పించుకుంది. 1983 ఒప్పందం మేరకు మన కండలేరు నుంచి పూండికి కాలవలో కృష్ణా నీరు పంపుతున్నది ఈ దాహానికే. తాగునీటి కోసం నిండుగా ఉంచాల్సిన పాత్రనే వరద కోసం ఖాళీగా ఉంచమనడంలోని ఇబ్బంది ఇది.

నా మట్టుకు నేను ఈ విషయంలో కాగ్ వైపే మొగ్గుతాను, కానీ సగమే. ముందుగా హెచ్చరించకపోవడం, సమయం వృథా చేయడం క్షమించరానివి. అయితే గేట్లు ఎంత చక్కగా నడిపినా ముడిచూర్, వేలచ్చేరి మునిగే ఉండేవి.

వందేళ్లకొక వాన అంటే

ఇలాంటి వానను వందేళ్లకొకసారి వచ్చేది అంటారు. ఒకసారి వచ్చింది కనుక ఇంకో తొంభై తొమ్మిదేళ్లు నిశ్చింత అని విన్నవాళ్లు అనుకుంటారు. దాని అర్థం, ఏ ఏడాదికైనా అలాంటిది వచ్చే అవకాశం నూటికి ఒకటి అని. ఇరవై ఏళ్ల ఇంటి రుణం తీసుకున్నవాడికి, రుణం తీరేలోపు ఒక్కసారైనా అది ఎదురయ్యే అవకాశం నూటికి 18. పైగా ఈ లెక్క గతంలోని వానలను బట్టి వేసింది. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే దాదాపు ఏడు శాతం ఎక్కువ తేమను మోయగలదు. కనుక పాత నూటికి ఒకటి నేడు అంతే ఉందని నమ్మకూడదు. వాతావరణ మార్పా, ఆక్రమణలా అని పోట్లాడేవారు మరిచేది, మొదటిది వచ్చే నీటిని పెంచుతుంది, రెండోది పోయే దారిని తగ్గిస్తుంది. రెండూ ఒకే తక్కెడలో ఒకే వైపు పడుతున్నాయి.

పెద్ద కాలవలా, ఖాళీ నేలా

2021 వానల తరువాత తమిళనాడు ప్రభుత్వం విశ్రాంత ఐఏఎస్ అధికారి తిరుప్పుగళ్ అధ్యక్షతన ముంపు నివారణకు కమిటీ వేసింది. అంతకు ముందు నుంచే ప్రపంచ బ్యాంకు, ఆసియా అభివృద్ధి బ్యాంకు, జర్మన్ బ్యాంకు రుణాలతో నదీ పరివాహకాల వారీగా వాననీటి కాలవల పనులు సాగుతున్నాయి. కాలవల పక్షం వారు ఉన్న ఊరిని ఖాళీ చేయించలేం కనుక నీటిని త్వరగా బయటికి తీయడమే మార్గమంటారు. మామూలు వానకు ఇది సరిపోతుంది. ఐదారు సెంటీమీటర్ల వానకే రెండు రోజులు నీరు నిలిచే వీధికి మంచి కాలవ పెద్ద ఉపశమనం.

చిత్తడి పక్షం వారి అభ్యంతరం, కాలవ నీటిని మోస్తుంది గానీ దాచదని. నా వీధి నీరు త్వరగా పోయిందంటే దిగువ వీధికి త్వరగా చేరిందని. చివర సముద్రం తలుపు మూసి ఉంటే కాలవ కూడా పొడవాటి తొట్టే. ఇందులోనూ న్యాయముంది. ఈ పక్షం వారు తేలికగా దాటవేసే చిక్కు, చిత్తడిని తిరిగి విడిపించాలంటే ఎవరిని కదిలించాలన్నది. కదిలించడం మొదలుపెట్టగానే ముందుగా పోయేవి కాలవ గట్టు గుడిసెలు, అందరికన్నా ఆఖరున, పోతే, పెద్ద భవనాలు. 2015 తరువాత గట్టున ఉన్న కుటుంబాలను పెరుంబాక్కం తరలించారు. పెరుంబాక్కం ఉన్నది కూడా పళ్లికరణై పరివాహకంలోనే.

నెల్లూరులో వంపు తిరిగిన నీళ్లు

ఇక్కడికి వచ్చాక నేనూ తమ్ముడూ కలిసి ఊరి శివార్లలో ఒక లేఅవుట్ చూడబోయాం. చెరువు కింద ఆయకట్టు భూమి, వరి మాని ప్లాట్లు వేశారు. రోడ్లన్నీ స్కేలు పెట్టి గీసినట్టు, ముప్పై అడుగుల వెడల్పున ఉన్నాయి. ఒకచోట మాత్రం రోడ్డు మీద చిన్న తూము కట్టి ఉంది. దానికి అటు కాలవ లేదు, ఇటు కాలవ లేదు. గేదెలు తోలుకుపోతున్న పెద్దాయనను ఇదేమిటని అడిగాం. "ఇది కలుజు నీళ్లు పొయ్యే దోవ నాయనా. చెరువు నిండి శానా ఏళ్లయింది గదా, అందుకే మీకు కనపడలా" అన్నాడు. గ్రామ పటంలో చూస్తే ఆ చోట వాగు పోరంబోకు అని రాసి, మెలికలు తిరిగిన గీత ఉంది. లేఅవుట్ కాగితంలో ఆ గీత లేదు.

ప్లాటు తీసుకోలేదు. మిచాంగ్ వానలు తగ్గిన మూడో రోజు తమ్ముడి స్కూటరు మీద మళ్లీ అటు వెళ్లాం. చెరువు కలుజు పారుతోంది. లేఅవుట్‌లో అన్ని చోట్లా నీరు లేదు. నిటారు రోడ్లను, రాళ్లు పాతిన ప్లాట్లను ఐమూలగా కోసుకుంటూ, గ్రామ పటంలో ఎక్కడ మెలిక ఉందో అక్కడే మెలిక తిరిగి, ఆ తూము దగ్గరికి వచ్చి నిలబడి ఉంది.